సైకోఅనలిటిక్, రిలేషనల్ థెరపీ: డబ్బు పెట్టేముందు చూసుకోవాల్సినవి

మాటలతో చేసే చికిత్సల్లో అతి తక్కువ హంగు ఉన్నది ఇదే. ఒక గది, కాస్త ఏటవాలుగా వేసిన రెండు కుర్చీలు, ఇద్దరికీ కనిపించే చోట ఒక గడియారం. వారంలో అదే రోజు, అదే వేళ, 50 నిమిషాలు. హోంవర్కు ఉండదు. నింపాల్సిన చార్టులుండవు. శ్వాస వ్యాయామాలు నేర్పరు. ఉద్యోగం మానెయ్యాలా, పెళ్లికి ఒప్పుకోవాలా అంటే తేల్చి చెప్పరు. సీబీటీ (ఆలోచనలను, అలవాట్లను మార్చుకోవడం నేర్పే చికిత్స) చేయించుకుని ఇటు వచ్చినవాళ్లు మొదటి నెలలో తప్పకుండా అడిగే మాట: "ఇంతకీ ఇక్కడ జరుగుతున్నదేంటి?"

న్యాయమైన ప్రశ్నే. ఇక్కడ అమ్ముతున్నది ఆ ఇద్దరి మధ్య ఏర్పడే సంబంధం. మీరు బయట మనుషులతో ఎలా ముడిపడతారో, ఎక్కడ బిగుసుకుంటారో, ఎక్కడ అలిగి తప్పుకుంటారో అదంతా ఆ గదిలోకి కూడా వస్తుంది, థెరపిస్టు మీదికే వస్తుంది. వచ్చిందాన్ని అక్కడికక్కడ పట్టుకుని మాట్లాడుకోవడమే చికిత్స. కాబట్టి ఈ సేవ నాణ్యత అంతా సాఫీగా నడిచే వారాల్లో తెలియదు. థెరపిస్టు మీద మీకు ఒళ్లు మండిన వారం తెలుస్తుంది. ఈ రివ్యూ అంతా ఆ లెక్కనే నడుస్తుంది.

ముందు పేర్ల సంగతి. సైకోఅనాలిసిస్ అంటే వారానికి 3 నుంచి 5 సెషన్లు, సాధారణంగా కౌచ్ మీద పడుకుని, ఏళ్ల తరబడి సాగేది. సైకోఅనలిటిక్ థెరపీ, సైకోడైనమిక్ థెరపీ అని బోర్డు మీద కనిపించేది వారానికి ఒకటో రెండో సెషన్లు, ఎదురెదురుగా కూర్చుని చేసేది. రిలేషనల్ అన్నది వీటికి తోడు మూడో రకం కాదు. పై రెండింటిలో దేన్నయినా నడిపే తీరు అది. థెరపిస్టు తెర వెనక ఉండి చూసే నిపుణుడు కాదు, జరుగుతున్నదాంట్లో అతనికీ వాటా ఉంటుంది అని ఒప్పుకుని పనిచేయడం.

ఫ్రేమ్ అనే పనిముట్టు

వేళ, ఫీజు, సెలవులు, రద్దు నియమాలు, ఇవన్నీ కలిపి ఈ రంగంలో ఫ్రేమ్ అంటారు. చాలామంది దీన్ని ఆఫీసు వ్యవహారం అనుకుని చూసీచూడనట్టు సంతకం పెడతారు. ఈ చికిత్సలో ఇది ప్రధాన పనిముట్టు. సైకోఅనాలిసిస్‌కు ఆద్యుడైన ఫ్రాయిడ్ 1913లో చికిత్స మొదలుపెట్టడం గురించి రాసిన వ్యాసంలో ఈ లెక్క తేల్చేశాడు: రోగికి రోజులో ఒక గంట అద్దెకిచ్చినట్టు, వచ్చినా రాకపోయినా ఆ గంటకు డబ్బు కట్టాల్సిందే. ఆదివారాలు, పండగలు తప్ప రోజూ రమ్మనేవాడు, తేలికపాటి కేసులకు వారానికి మూడు రోజులు. మొదట ఒకటి రెండు వారాలు ప్రయోగంగా చూసి, తర్వాతే ఖాయం చేసుకునేవాడు.

ఇప్పటి పద్ధతి కొంత మెత్తబడింది. మొదటి 3, 4 సెషన్లు ఇద్దరూ ఒకరినొకరు అంచనా వేసుకోవడానికి. ఆ తర్వాత ఒక వేళ మీ పేరున ఖాయమవుతుంది. 24 గంటలో 48 గంటలో ముందు చెప్పకుండా మానేస్తే పూర్తి ఫీజు. కొందరు ఎప్పుడు మానినా ఫీజు తీసుకుంటారు. థెరపిస్టు సెలవులు కొన్ని వారాల ముందే చెప్పాలి. ఇదంతా కాగితం మీదో ఈమెయిల్లోనో ఇవ్వకపోతే అది మొదటి మైనస్.

రాని వారానికీ డబ్బా అని కోపం రావడం సహజం. దానికి కారణం వసూళ్లొక్కటే కాదు. మానేసిన సెషన్‌కు నష్టం థెరపిస్టే భరిస్తుంటే అతనికి లోలోపల విసుగు పేరుకుంటుంది, అది బయటికి చెప్పలేడు. మీకేమో రాకపోవడానికి అసలు కారణం ఏమిటని ఆలోచించాల్సిన అవసరమే పడదు. ఫీజు నిలబడి ఉంటే మాత్రం ఆ గైర్హాజరు గురించి ఇద్దరూ నిర్మొహమాటంగా మాట్లాడుకోవచ్చు. గత వారం ఏడ్చినందుకు సిగ్గనిపించి ఈ వారం "ఆఫీసులో పని పడింది" అని మెసేజ్ పెట్టడం మామూలుగా జరిగేదే. వేళను ఎప్పుడంటే అప్పుడు వాట్సాప్‌లో జరిపేసే థెరపిస్టు దయగలవాడిలా కనిపిస్తాడు గానీ, ఆ సిగ్గును చేజేతులా జారవిడుచుకుంటాడు. ప్రతి వారం ఖాళీ ఉన్న స్లాటు ఎంచుకోమనే యాప్‌లతో వచ్చే చిక్కు కూడా ఇదే. సీబీటీకి ఆ ఏర్పాటు సరిపోవచ్చు, దీనికి సరిపోదు.

ఖర్చు ముందే కాగితం మీద వేసుకోండి. వారానికి 2 సెషన్లు, సెలవులు పోను ఏడాదికి 44 వారాలు అంటే 88 సెషన్లు. సెషన్‌కు 1,500 రూపాయలు అనుకుంటే 1,32,000. రెండేళ్లు అనుకుని గుణించుకోండి. భరించలేననిపిస్తే మొదట్లోనే చెప్పి ఫీజు తగ్గించమని అడగొచ్చు, తప్పేం కాదు. చాలామంది థెరపిస్టులు కొన్ని సీట్లు తక్కువ ఫీజుకు ఉంచుతారు. ఆరు నెలల తర్వాత డబ్బుల్లేక అర్ధాంతరంగా మానేయడం కంటే వారానికి ఒక్క సెషన్‌తో మొదలుపెట్టడం మేలు.

మన ఇళ్లలో ఫీజు దగ్గర ఇంకో చిక్కుంది. కట్టేది నాన్నో భర్తో అయితే మూడో నెలలో ఫోన్ వస్తుంది: "ఏమండీ, మావాడు ఎంతవరకు వచ్చాడు?" ఆ ఫోన్‌కు థెరపిస్టు ఏం చెబుతాడో మొదటి సెషన్లోనే అడగండి. సరైన జవాబు ఒకటే. రోగికి పద్దెనిమిదేళ్లు నిండితే, ప్రాణాపాయం ఉన్న సందర్భం తప్ప, ఆయన అనుమతి లేకుండా ఒక్క ముక్కా చెప్పను, ఫోన్ వచ్చిన సంగతి మాత్రం రోగికి చెబుతాను అని. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కూడా గోప్యతను రోగి హక్కుగానే చెప్పింది. డబ్బు ఎవరిదైనా, థెరపిస్టుకు చేరేది రోగి చేతి మీదుగా అయితే మంచిది.

కౌచ్, కుర్చీ, స్క్రీను

వియన్నాలో బెర్గ్‌గాస్సె 19లో ఫ్రాయిడ్ వాడిన కౌచ్ ఇప్పుడు లండన్‌లో 20 మేర్స్‌ఫీల్డ్ గార్డెన్స్ మ్యూజియంలో ఉంది. తివాచీ కప్పిన ఆ మంచాన్ని ఇచ్చింది ఒక రోగే, 1890 ప్రాంతంలో. రోజుకు ఎనిమిది గంటలు జనం నన్నే చూస్తూ కూర్చుంటే భరించలేను అని ఫ్రాయిడే రాసుకున్నాడు. సిద్ధాంతం ఎంతున్నా, ఇదీ ఒక కారణమే.

కౌచ్ పనిచేస్తుందా? వారానికి మూడుసార్లకు తక్కువైతే పెద్దగా కలిసిరాదు. ఎదుటి ముఖంలో ప్రతి కదలికా చదువుతూ, దానికి తగ్గట్టు మాట మార్చుకునే అలవాటున్నవాళ్లకు పడుకోవడం ఉపయోగం, చదవడానికి ముఖం ఉండదు కాబట్టి. చిన్నప్పుడు పట్టించుకునే దిక్కులేక పెరిగినవాళ్లకు, వాస్తవంతో పట్టు సడలుతున్నవాళ్లకు మాత్రం వెనక కనపడని మనిషి భయమే పెంచుతాడు. రిలేషనల్ థెరపిస్టులు ఎక్కువమంది కుర్చీలే వాడతారు. కౌచ్ ఎక్కాలని పట్టుబట్టేవాళ్ల దగ్గర కారణం అడగండి. "పద్ధతి అదే" అన్నది కారణం కాదు.

ఆన్‌లైన్ సెషన్లు బాగానే నడుస్తాయి, గది దొరికితే. రెండు బెడ్‌రూముల ఫ్లాట్‌లో, తలుపవతల అమ్మ ఉండగా అమ్మ గురించి మాట్లాడటం కుదరదు. అందుకే చాలామంది అపార్టుమెంటు సెల్లార్లో కారులో కూర్చుని మాట్లాడతారు. ఫర్వాలేదు, కానీ ఇంజిన్ ఆపి, ప్రతి వారం అదే చోట, ఫోన్ స్టాండుకు పెట్టి, నోటిఫికేషన్లు ఆపేసి. నడుపుతూ మాత్రం వద్దు. సెషన్ అయ్యాక పది నిమిషాలు ఖాళీ పెట్టుకోండి. క్లినిక్ నుంచి ఇంటికొచ్చే దారిలో జరిగే పని ఆన్‌లైన్లో ఎగిరిపోతుంది, నేరుగా ఆఫీసు మీటింగులో పడతారు.

మీ వైపు పని

మీరు చేయాల్సింది ఒక్కటే: మనసుకు తోచింది తోచినట్టు చెప్పడం. రైల్లో కిటికీ పక్కన కూర్చున్నవాడు బయట కనిపించేవన్నీ లోపలి సీట్లో ఉన్నవాడికి చెబుతున్నట్టు మాట్లాడమన్నాడు ఫ్రాయిడ్. వినడానికి సులువు. నిజానికి కొన్ని నెలల వరకు ఎవరికీ రాదు. మొదట అందరూ చేసేది ముందురోజు ఫోన్లో పాయింట్లు రాసుకొచ్చి ఒకటొకటే అప్పజెప్పడం. లేదా వారమంతా జరిగింది సోమవారం నుంచి వరసగా చెప్పుకుపోవడం. చెప్పుకుపోతే తప్పేం లేదు, కానీ మధ్యలో "ఇది చెప్పనా వద్దా" అని ఒక్క క్షణం ఆగుతారు చూడండి, సరుకంతా అక్కడుంటుంది. ఆగిన సంగతి చెప్పినా చాలు. "ఒక మాట గుర్తొచ్చింది, చెప్పాలనిపించడం లేదు" అనడం కూడా పనే. ఆ మాటేమిటో వెంటనే లాగాలని చూసే థెరపిస్టు తొందరపడుతున్నట్టు. చెబితే ఏమవుతుందని భయమో ముందు అడగాలి.

మౌనం గురించి ఫిర్యాదులు ఎక్కువ. ఒకటి రెండు నిమిషాలు మౌనంగా ఉండటం మామూలు. కానీ వరసగా సెషన్ తర్వాత సెషన్ మీరు బిగుసుకుపోయి చెమటలు పడుతుంటే, థెరపిస్టు అదే ఫక్కీలో చూస్తూ కూర్చుంటే అది పద్ధతి కాదు, చేతగానితనం. ఎవరికి ఎంత మౌనం పనికొస్తుందో కొలుచుకోవడం అతని పనే.

భాష కూడా చూసుకోండి. ఇంగ్లీషులో అమ్మానాన్నల గురించి తడుముకోకుండా చెప్పేసి, తెలుగులోకి రాగానే గొంతు పూడుకుపోయేవాళ్లు బోలెడు మంది. థెరపిస్టుకు తెలుగు రాకపోతే చికిత్స జరగదని కాదు. గుర్తొచ్చిన తిట్టో, నానమ్మ అన్న మాటో ముందు తెలుగులోనే పైకి అనేసి, తర్వాత విడమరచి చెప్పండి. ముందే ఇంగ్లీషు చేసి చెబితే వేడి చల్లారిపోతుంది.

అసలు పరీక్ష

ఇక్కడ కాస్త ఆగి ఒక సందర్భాన్ని దగ్గరగా చూడాలి. కల్పించిందే, కానీ ఇలాంటిది ప్రతి థెరపిస్టు గదిలోనూ జరుగుతుంది.

ఒకాయన 12 నిమిషాలు ఆలస్యంగా వచ్చి, "సారీ అండి, ట్రాఫిక్" అని కూర్చుని మేనేజరు గురించి చెబుతున్నాడు. 45వ నిమిషంలో, వాక్యం మధ్యలో ఉండగా, థెరపిస్టు కళ్లు గడియారం వైపు వెళ్లాయి. ఈయన ఆగాడు. "సరేలెండి, అంత ముఖ్యమైనదేం కాదు" అని చిన్నగా నవ్వాడు.

ఒక థెరపిస్టు "పర్లేదు, వచ్చేవారం మాట్లాడదాం" అంటాడు. మర్యాదగానే ఉంది, పని మాత్రం సున్నా. నా మాట ఎవరికీ పట్టదు అని ఈయన జీవితకాలంగా రాసుకుంటున్న చిట్టాలో ఇంకో పద్దు చేరింది.

మరో థెరపిస్టు చదువుకున్నవాడు: "చిన్నప్పుడు మీరు మాట్లాడుతుంటే నాన్నగారు పేపర్లోంచి తల ఎత్తేవారు కాదన్నారు. ఇక్కడా నన్ను అలాగే చూస్తున్నారేమో." అది నిజమే అయ్యుండొచ్చు. కానీ గడియారం చూసింది నాన్నగారు కాదు, థెరపిస్టు. తన వాటా మాయం చేసి మొత్తం రోగి గతం ఖాతాలో వేశాడు. పాతకాలపు సైకోఅనాలిసిస్ మీద వచ్చే విమర్శల్లో పస ఉన్నది ఇదే.

రిలేషనల్ శిక్షణ ఉన్నవాడు ఇలా అంటాడు: "మీరు మాట్లాడుతుండగా నేను గడియారం చూశాను. ఆ వెంటనే మీరు ముఖ్యమైనదేం కాదన్నారు." అని ఆగుతాడు. కాసేపటికి ఈయన: "మీకు బోర్ కొడుతోందేమో అనుకున్నా." "అలా అనిపించినప్పుడు లోపల ఏమైంది?" "ఏం కావడం, అలవాటే." ఆ "అలవాటే" నుంచి వచ్చే వారం మొదలవుతుంది. నాన్నగారి పేపరు అప్పుడు దానంతటదే వస్తుంది, రోగి నోటినుంచి వస్తుంది.

వరస గమనించండి. జరిగింది చెప్పాలి, తన వాటా ఒప్పుకోవాలి, అటువైపు ఎలా అనిపించిందో అడగాలి, సమర్థించుకోకుండా వినాలి, గతంతో ముడి చివర్న వేయాలి. ఈ వరస తిరగబడితే చాలు, పని చెడుతుంది. ఇంకో రకంగానూ చెడుతుంది. థెరపిస్టు గిలగిల్లాడుతూ "అయ్యో సారీ, నిన్నంతా నిద్రలేదు, క్షమించండి" అని మొదలుపెడితే, ఇప్పుడు రోగే "పర్వాలేదండి" అంటూ ఓదార్చాల్సి వస్తుంది. ఇంట్లో అమ్మను ఓదారుస్తూ పెరిగినవాడికి ఇది మళ్లీ అదే డ్యూటీ.

జెరెమీ సాఫ్రన్, క్రిస్టఫర్ మురాన్ అనే పరిశోధకులు సంబంధం ఇలా తెగిపోయే క్షణాల మీద చాలా పనిచేసి వాటిని రెండుగా విడదీశారు: రోగి తప్పుకోవడం ఒకటి, ఎదురుతిరగడం ఒకటి. పైన చూసింది మొదటి రకం. తెలుగువాళ్ల దగ్గర ఇదే ఎక్కువ అని మా అంచనా. "మీరు చెప్పింది కరెక్టే సార్" అని తలూపుతూ, మూడు వారాల తర్వాత ఫోన్ ఎత్తడం మానేస్తారు. థెరపిస్టు డాక్టరులా, మేష్టారులా, ఒక్కోసారి అన్నయ్యలా కనిపిస్తాడు, పెద్దవాళ్ల ముఖం మీద కాదనడం మనకు రాదు. తలూపుడును ఒప్పుకోలుగా తీసుకునే థెరపిస్టుకు ఈ రోగి ఎందుకు మానేశాడో ఎప్పటికీ తెలియదు. రెండో రకం వినడానికి కటువు గానీ, పనికి తేలిక. "ఆరు నెలలైంది, ఏం మారింది చెప్పండి?" అని రోగి నిలదీస్తే మంచి థెరపిస్టు దాన్ని ప్రతిఘటన అని కొట్టిపారేయడు. ఏం మారాలని వచ్చారు, ఏం మారింది, ఏది మారలేదు అని కూర్చుని లెక్క చూస్తాడు.

ఈ తీరు ఎక్కడి నుంచి వచ్చింది

బుడాపెస్ట్‌లో ఫ్రాయిడ్ శిష్యుడు శాండోర్ ఫెరెంజీ 1932లోనే అనలిస్టు (సైకోఅనాలిసిస్ చేసేవాడు) కపటాన్ని రోగి పసిగడతాడని, ఒప్పుకుంటేనే నమ్మకం కుదురుతుందని చెప్పి ఫ్రాయిడ్ కోపానికి గురయ్యాడు. అమెరికాలో హ్యారీ స్టాక్ సలివన్, క్లారా థాంప్సన్ వంటివాళ్లు 1943లో న్యూయార్క్‌లో విలియం అలన్సన్ వైట్ ఇన్‌స్టిట్యూట్ అనే శిక్షణ సంస్థకు పునాది వేశారు. 1983లో జే గ్రీన్‌బర్గ్, స్టీఫెన్ మిచెల్ సైకోఅనాలిసిస్‌లోని సిద్ధాంతాలను, సహజాతాల మీద నిలిచేవి, సంబంధాల మీద నిలిచేవి అని విడగొట్టి చూపించారు. రిలేషనల్ అన్న జెండా అక్కడి నుంచే ఎగిరింది. మిచెల్ 2000లో చనిపోయాడు, మరుసటి ఏడాది రిలేషనల్ థెరపిస్టుల అంతర్జాతీయ సంఘం ఏర్పడింది. ఇదే బాటలోని సైకోఅనలిస్టు జెస్సికా బెంజమిన్ చెప్పిన ఒక మాట గదిలో బాగా పనికొస్తుంది. గొడవ ముదిరినప్పుడు ఇద్దరూ "నువ్వే నన్నిలా చేస్తున్నావు" అన్న చోట ఇరుక్కుంటారు, ఒకరు చేసేవాడు, ఒకరు పడేవాడు. అందులోంచి ముందుగా బయటికి అడుగు వేయాల్సింది థెరపిస్టే, ఫీజు తీసుకుంటున్నది అతనే కాబట్టి. చివరి ముక్క మాది.

మన దేశానికి ఇది కొత్త కాదు. కలకత్తాలో పార్సీబాగాన్ లేన్ 14 నంబరు ఇంట్లో గిరీంద్రశేఖర్ బోస్ 1922లోనే ఇండియన్ సైకోఅనలిటికల్ సొసైటీ పెట్టాడు. ఫ్రాయిడ్‌తో ఉత్తరాల్లో తన విభేదాలు దాచుకోకుండా రాసేవాడు. ఫ్రాయిడ్ 75వ పుట్టినరోజుకు 1931లో ఆ సొసైటీ పంపిన దంతపు విష్ణుమూర్తి ఆయన బల్లమీదికి చేరింది.

రిలేషనల్ పేరుతో జరిగే అతి

తన వాటా ఒప్పుకోవడం వేరు, తన కథ చెప్పుకోవడం వేరు. "నాక్కూడా విడాకులయ్యాయి, నేనేం చేశానంటే" అని మొదలైతే జాగ్రత్త పడండి. ఫెరెంజీ ఒక రోగితో పరస్పర విశ్లేషణ ప్రయత్నించాడు, ఒక గంట అతను, ఒక గంట ఆమె. చివరికి అది సాగదని ఆయనే వదిలేశాడు. థెరపిస్టు తన గురించి చెప్పే మాటకు ఒకే పరీక్ష: అది మీ పనిని ముందుకు నెట్టిందా, ఆ తర్వాత సంభాషణ మీ దగ్గరికి తిరిగొచ్చిందా? రాకపోతే అడగండి.

ఇక కాఫీకి రమ్మనడం, ఇన్‌స్టాగ్రామ్‌లో ఫాలో అవడం, తన సైడ్ బిజినెస్ గురించి చెప్పడం, బంధువునో ఆఫీసు కొలీగ్‌నో రోగిగా తీసుకోవడం, ఇవి ఏ స్కూలు పేరుతోనూ చెల్లవు. శారీరక సంబంధం సంగతి చెప్పనే అక్కర్లేదు, అది చికిత్స కాదు, దుర్వినియోగం. వెంటనే బయటికి వచ్చి ఫిర్యాదు చేయాలి.

పనిచేస్తుందా, ఎవరికి

ఇక్కడ అభిమానుల మాట నమ్మొద్దు, ద్వేషుల మాటా నమ్మొద్దు. లండన్‌లో టావిస్టాక్ క్లినిక్ మొండి డిప్రెషన్ ఉన్న 129 మంది మీద చేసిన అధ్యయనం 2015లో వచ్చింది. ఒక వర్గానికి మామూలు చికిత్సతో పాటు 18 నెలల్లో 60 సెషన్ల సైకోఅనలిటిక్ థెరపీ, మరో వర్గానికి మామూలు చికిత్స ఒక్కటే. చికిత్స ముగిసేసరికి పెద్ద తేడా లేదు. రెండేళ్ల తర్వాత చూస్తే కొంతమేరకైనా కోలుకున్నవాళ్లు ఇటు 30 శాతం, అటు 4.4 శాతం. పూర్తిగా కోలుకున్నవాళ్లు రెండు వైపులా తక్కువే. న్యూయార్క్‌లో 2007లో వచ్చిన మరో అధ్యయనంలో పానిక్ అటాక్స్‌కు 12 వారాల్లో 24 సెషన్లు ఇస్తే 73 శాతానికి గుణం కనిపించింది, రిలాక్సేషన్ శిక్షణ తీసుకున్నవాళ్లలో 39 శాతానికి.

ఓడిపోయిన చోటూ చెప్పాలి. కోపెన్‌హాగెన్‌లో బులీమియా (అతిగా తిని కక్కేసే రుగ్మత) ఉన్న 70 మందికి ఒక వర్గంలో రెండేళ్ల పాటు వారం వారం సైకోఅనలిటిక్ థెరపీ, మరో వర్గంలో ఐదు నెలల్లో 20 సెషన్ల సీబీటీ ఇచ్చారు. 2014లో ఫలితాలు వచ్చాయి. రెండేళ్ల దగ్గర అతిగా తినడం, కక్కేయడం ఆగింది సీబీటీ వర్గంలో 44 శాతానికి, ఇటు 15 శాతానికి. సెషన్లు ఎన్నో రెట్లు ఎక్కువ, ఫలితం మూడోవంతు. బులీమియాకు, ఓసీడీకి (అక్కర్లేని ఆలోచనలు వేధించి, ఒకే పని పదేపదే చేయించే రుగ్మత) ముందు ఇక్కడికి రావొద్దు. ఓసీడీకి, భయపడేదాన్ని ఎదుర్కొంటూ చేతులు కడగడం లాంటి ప్రతిచర్యను ఆపే పద్ధతే మొదటి ఎంపిక. చావాలనిపిస్తున్నా, ఎవరూ లేకపోయినా మాటలు వినిపిస్తున్నా, రోజుల తరబడి నిద్ర లేకుండా ఉత్సాహం పొంగుతున్నా ముందు సైకియాట్రిస్టు. హైదరాబాద్‌లో ఎర్రగడ్డ, విశాఖలో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉన్నాయి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలీమానస్ 14416 ఉచితం, తెలుగులోనూ మాట్లాడతారు. మందులు వాడుతూ ఈ థెరపీ చేసుకోవచ్చు, ఏ ఇబ్బందీ లేదు.

దీనికి సరిగ్గా నప్పేది ఎవరికంటే, రోగం పేరు చెప్పలేక "అన్నీ ఉన్నా ప్రతిసారీ ఇదే అవుతోంది" అనేవాళ్లకు. మూడో ఉద్యోగంలోనూ అదే బాసు, రెండో ప్రేమలోనూ అదే అలక.

కొనేటప్పుడు

మన దేశంలో క్లినికల్ సైకాలజిస్టుకు రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నమోదు ఉండాలి, ఆ సీఆర్ఆర్ నంబరు అడిగితే చెప్పాలి, కౌన్సిల్ వెబ్‌సైట్లో సరిచూసుకోవచ్చు. అయితే ఆ నంబరు సైకోఅనలిటిక్ శిక్షణకు రుజువు కాదు. 1920ల్లో బెర్లిన్‌లో కుదిరిన నియమం ఇప్పటికీ చెల్లుతోంది: శిక్షణ అంటే తను చికిత్స చేయించుకోవడం, సీనియర్ పర్యవేక్షణలో కేసులు చూడటం, సిద్ధాంతం చదవడం. మూడూ ఉండాలి. మూడు ప్రశ్నలుగా అడిగేయండి. సూపర్‌విజన్ ఇంకా జరుగుతోందా అన్నదానికి వచ్చే జవాబు అన్నిటికంటే ముఖ్యం. చిరాకుపడితే మీ 1,500 మిగిలాయనుకోండి. ఇన్సూరెన్సు మీద ఆశ పెట్టుకోవద్దు. 2017 చట్టం మానసిక వ్యాధులకూ బీమా ఉండాలంది, కానీ మన పాలసీలు ఎక్కువగా ఆసుపత్రిలో చేరితేనే డబ్బిస్తాయి, వారం వారం మాటల చికిత్సకు కాదు.

అమెరికాలో ఉన్నవాళ్లకు: 50 నిమిషాల సెషన్ బిల్లు 90834 అనే బీమా బిల్లింగు కోడు కిందికి వస్తుంది, అది 38 నుంచి 52 నిమిషాల వరకు. 90837 వేయాలంటే కనీసం 53 నిమిషాలు ఉండాలి. నెట్‌వర్క్‌లో లేని థెరపిస్టు అయితే సూపర్‌బిల్ (బీమా కంపెనీకి పంపే వివరాల బిల్లు) అడిగి మీరే క్లెయిమ్ చేసుకోవాలి, అందులో రోగ నిర్ధారణ కోడు పడుతుంది, ఏం రాస్తున్నారో ముందే అడగండి. న్యూయార్క్‌లోనూ లండన్‌లోనూ శిక్షణ సంస్థలు తక్కువ ఫీజు క్లినిక్‌లు నడుపుతాయి. అక్కడ చూసేది శిక్షణలో ఉన్న అనలిస్టులు, కాబట్టి వారానికి మూడు నుంచి ఐదుసార్లు వెళ్లగలగాలి. అనుభవం తక్కువ, వెనక సూపర్‌విజన్ మాత్రం గట్టిగా ఉంటుంది. డబ్బుకు తగిన విలువ అంటే మాకు ఇదే ముందు కనిపిస్తుంది. జర్మనీలో చేరినవాళ్లది అదృష్టమే. ప్రభుత్వ ఆరోగ్య బీమా అనలిటిక్ థెరపీకి మొదట 160 గంటలు, పొడిగిస్తే 300 వరకు ఇస్తుంది. వెయిటింగ్ మాత్రం నెలల్లో ఉంటుంది.

ముగించడం

ఎప్పుడు ఆపాలో ఇద్దరూ కలిసి తేల్చుకోవాలి. రెండేళ్లు సాగిన పనికి రెండు మూడు నెలల ముందైనా చివరి తేదీ పెట్టుకుంటారు. తేదీ పడగానే పాత లక్షణాలు ఒకసారి తిరగబెడతాయి, నిద్ర పట్టదు, మళ్లీ పాత గొడవలు. వ్యాధి తిరిగొచ్చిందని కంగారుపడి తేదీ జరపక్కర్లేదు, విడిపోవడం గురించి మాట్లాడాల్సింది ఇంకా ఉందని అర్థం. గడువును బెదిరింపుగా వాడితే మాత్రం వికటిస్తుంది. వోల్ఫ్ మ్యాన్ అన్న రోగికి ఫ్రాయిడ్ అలా తేదీ పెట్టి 1914లో ముగించాడు. గబగబా అన్నీ బయటికొచ్చాయి గానీ, ఆయనకు 1919లో ఒకసారి, 1926లో మరొకసారి చికిత్స అవసరమైంది.

మీరే మధ్యలో మానేయాలనుకుంటే వాట్సాప్‌లో చెప్పకండి. సెషన్లో చెప్పి, మూడు నాలుగు సెషన్లు ఉంచుకోండి. "ఇప్పుడు మానేస్తే మీ పరిస్థితి దిగజారుతుంది" అని భయపెట్టే థెరపిస్టు దగ్గర ఆ మూడు నాలుగూ కూడా అక్కర్లేదు, బాకీ తీర్చేసి రండి. "ఎందుకో తెలుసుకుందాం, నిర్ణయం మీదే" అంటే మాత్రం ఆ సెషన్లకు తప్పకుండా వెళ్లండి. మానేయడానికి కారణంగా మీరు చెప్పబోయే ఫిర్యాదు ఏదైతే ఉందో, అప్పటిదాకా చెప్పకుండా దాచుకున్నది సాధారణంగా అదే.